మజ్జిగ అడగని నర్సమ్మ

మారుమూల ఊళ్లకు సేవకు బయలుదేరే పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. ప్రార్థన చేయించుకుని, కాఫీ తాగి, వెళ్లే ముందు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, అక్కడికి ఏమేం తీసుకెళ్లాలని. సోలార్ దీపం, మంచినీళ్ల ఫిల్టరు, దోమతెర, ఆర్నెల్లకు సరిపడా పచ్చళ్లు అంటూ వాళ్లే చదివి వినిపిస్తారు. ఇదంతా మోయడానికి లారీ కావాలి కదా అని నాకు నవ్వు వస్తుంది గాని ఆపుకుంటాను. నా వయసులో నవ్వితే వెక్కిరింత అనుకుంటారు. దానికి బదులు ఒక నర్సమ్మ సంగతి చెబుతాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

తొంభైల్లో నేను శంషాబాద్‌లో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో టీచరుని. మారుమూల ఊళ్లకు వెళ్లి పనిచేసే క్రైస్తవ సేవకులను తయారుచేసి పంపడం మా పని. బెంగుళూరు రోడ్డు పక్కన ఒక పాత పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నాం. వెనక ద్రాక్షతోటలు, ముందు లారీల మోత. అఫ్జల్‌గంజ్ బస్సు పట్టుకోవాలంటే వేపచెట్టు కింద అరగంట నిలబడేవాళ్లం. ఒకనాడు అక్కడ విమానాలు దిగుతాయని అప్పుడెవరైనా చెబితే ఎగతాళి చేసేవాళ్లమేమో. నేను కృష్ణా జిల్లా మనిషిని. వచ్చిన కొత్తలో నా మాట అక్కడివాళ్లకు, వాళ్ల మాట నాకు పుస్తకంలో మాటల్లా వినిపించేవి. నా కోపం మాత్రం మొదటి రోజు నుంచే అందరికీ అర్థమైంది.

కేంద్రానికి పెద్ద మా అయ్యగారు. పాస్టరుగారిని మా వాళ్లంతా అలాగే పిలుస్తారు. వయసులో ఉన్నప్పుడు ఆయన చాలాకాలం కొండల్లో పనిచేసి వచ్చారు. పొద్దున్నే రేడియో పెట్టేవారు, జామచెట్లకు తన చేత్తోనే నీళ్లు పోసేవారు, ఎవరితో వాదించినా తానే గెలవాలనుకునేవారు. నేనూ అలాంటిదాన్నే కావడంతో మా వంటామె మమ్మల్ని భోజనానికి ఎడమెడంగా కూర్చోబెట్టేది. అయినా ఆయన మీద నాకు ఎంత గౌరవం అంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా రేడియో మోగితే కొంగు సర్దుకుంటాను.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి అందరినీ భయపెట్టేది. శిక్షణ పూర్తయ్యాక, పంపే ముందు, ఒక నెలపాటు దగ్గర్లోని పల్లెలో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండాలి. అక్కడ ప్రసంగం చేయకూడదు. పనికి కావలసినవి కాక, బట్టలు, బియ్యం, ఉప్పు మాత్రమే తీసుకెళ్లాలి. మిగతాది ఏది కావలసినా ఇరుగుపొరుగును అడిగి తెచ్చుకోవాలి. నెలాఖరున అయ్యగారూ నేనూ ఆ ఊరికి వెళ్లి, పొరుగువాళ్లను ఒకే మాట అడిగేవాళ్లం: ఈ మనిషిని తీసుకుపోతున్నాం, మీరేమంటారు? "అట్లనా, మంచిది" అని ఊరుకున్నారంటే ఆ మనిషి తప్పినట్టు. అయ్యో అన్నారంటే నెగ్గినట్టు.

ఈ నియమం వెనక ఆయన సొంత అనుభవం ఉంది. మొదటిసారి కొండకు వెళ్లినప్పుడు ఆయన ట్రంకు పెట్టెలు, స్టవ్వు, జాడీల నిండా పచ్చళ్లు మోయించుకుపోయారట. ఏడాది పాటు ఒక్కరూ ఆయన గడప తొక్కలేదు. ఒకసారి వానకు అగ్గిపెట్టెలన్నీ తడిసిపోయి, పక్కింటికి నిప్పు అడగడానికి వెళితే, ఆ రోజు సాయంత్రమే ఇంటినిండా జనమట. "మన దగ్గర అన్నీ ఉంటే వాళ్లకు మనతో పనేముంది టీచరుగారూ" అనేవారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా వంటామె తల ఊపేది, తర్వాత వెళ్లి పిల్లల బట్టల మధ్య గోంగూర పచ్చడి దాచి కట్టేది. పట్టుబడ్డ ప్రతిసారీ ఆమె ముఖం చూసి తిట్టలేకపోయేవాణ్ణని అయ్యగారే ఒప్పుకున్నారు.

ఇక ఆ అమ్మాయి. కొత్తూరు దగ్గరి పల్లె పిల్ల. తండ్రి ఒక రైతు దగ్గర జీతానికి ఉండేవాడు, తల్లి కూలికి పోయేది. మిషన్ ఆస్పత్రిలో నర్సింగు చదివి మా దగ్గరకు వచ్చింది. సన్నగా, నల్లగా, మాట తక్కువ. ఆ అమ్మాయి కాన్పు చేస్తుంటే పక్కన నిలబడ్డవాళ్లకు కూడా భయం పోయేది. కొండ భాష మిగతావాళ్లు కాగితం మీద నేర్చుకుంటుంటే, ఆమె బజారుకు దుప్పట్లు అమ్మవచ్చిన కొండవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంది. నా ఉద్యోగంలో అంతగా తయారైన మనిషిని నేను చూడలేదు. ఎవరితోనూ అనలేదు గాని, ఆమె నా విద్యార్థి అని నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆమె వెళ్లవలసిన ఊరు ఉత్తరాన కొండల్లో, వాగు అవతల. అక్కడ ఆస్పత్రి లేదు, మంత్రసాని చనిపోయింది. అంతకుముందు మేం పంపిన ఒక జంట ఊళ్లో ఎవరూ మాట్లాడక తిరిగి వచ్చేశారు. ఊరు చూసి రావడానికి అయ్యగారితో వెళ్లినప్పుడు ఒక నాలుగు నెలల చూలాలు ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని, మళ్లీ ఎప్పుడొస్తావని అడిగిందట. వానలు పడితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. అంటే నెల పరీక్షలో తప్పితే ఆ ఏడు ఇక వెళ్లడం లేదు, ఆ ఊరికి వేరే మనిషీ లేదు. ఆ చూలాలి సంగతి తలుచుకునే ఆ అమ్మాయి తన గదికి బయలుదేరింది. వంటామె దాచిన పచ్చడి సీసా వెతికి తీసి, దండం పెట్టి తిరిగి ఇచ్చేసింది.

మేం చూసిన గది హిమాయత్ సాగర్ వైపు ఒక రైతుల ఊళ్లో ఉంది. ఎదురుగా బర్రెలున్న ఇల్లు. ఆ ఇంటావిడ యాభై ఏళ్ల మనిషి, పెద్ద గొంతు, పెద్ద చేయి. పొద్దున్నే కవ్వం తిప్పి వెన్న తీశాక, మజ్జిగ వీధిలో ఎవరడిగితే వాళ్లకు పోసేది. అక్కడి వాళ్లు సల్ల అంటారు. సల్లకు వెళ్లడమంటే ఆ ఊళ్లో ఒక పలకరింపు. గిన్నె పట్టుకుని వెళ్లి, నాలుగు కబుర్లు చెప్పి, నాలుగు విని రావాలి.

వారానికోసారి నేను వెళ్లి చూసి వచ్చేదాన్ని. మొదటిసారి వెళ్లినప్పుడు అంతా బాగానే ఉందనిపించింది. రెండోసారికి పిల్ల చిక్కిపోయింది. పొయ్యి మీద చూస్తే అన్నం, కంచె పక్క చెట్టున కోసుకొచ్చిన చింతచిగురు. అంతే. ఊళ్లో అడిగితే అందరూ పొగిడేవారే. ఎదురింటామె కోడలికి కాన్పు చేసిందట, ముసలాయన పుండు కడిగి కట్టు కట్టిందట, పిలిస్తే చాలు వస్తుందట. చివర్లో మాత్రం అందరిదీ ఒకే మాట: ఆమెతో మాకేం పరేషాన్ లేదు టీచరమ్మా, ఒక్కనాడు గూడ ఇది కావాలని అడగలే. వాళ్లు మెచ్చుకునే అంటున్నారు. మా పరీక్షలో మాత్రం ఆ మాటకు అర్థం తప్పినట్టే.

ఎదురింటామె ఇంకాస్త ముందుకు వెళ్లింది. వాకిట్లో నన్ను ఆపి, "మంచి పిల్లనే. గని జర గర్వం ఉన్నట్టుంది. రోజు పిలుస్త సల్లకు రమ్మని. నాకు సల్ల పడదు పెద్దమ్మా అంటది" అంది. అదే మాట తర్వాత అయ్యగారికి చేరింది. ఆయన జామచెట్ల దగ్గర నిలబడి, పిల్ల ఎంత గొప్పదైనా నియమం నియమమేనని, ఇలా వెళితే ఆ జంటకు జరిగిందే ఈమెకూ జరుగుతుందని అన్నారు. మూడోవారం వెళ్లినప్పుడు గది తలుపు దగ్గరగా వేసి ఆ అమ్మాయినే అడిగాను. నీకు మజ్జిగ పడకపోవడమేమిటి, మా దగ్గర కుండ ఖాళీ చేసేదానివి కదా అన్నాను.

ముందున్న చింతచిగురు ఏరడం మొదలుపెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

"మా అమ్మ పటేలోళ్ల ఇంటికి సల్లకు పోతుండె టీచరమ్మా. నేను ఎంబడి పోతుంటి. వాకిట్ల గిన్నె కింద పెట్టి ఎనుకకు జరగాలె. ఆమె పైకెంచి పోస్తది. సగం గిన్నెల పడ్తది, సగం మన్నుల. ఒకనాడు మా అమ్మ గా గిన్నె గట్లనే ఇడిచిపెట్టి, నా చెయ్యి వట్టుకొని ఇంటికొచ్చింది. గప్పటిసంది మా ఇంట్ల సల్ల లేదు." చిగురు పక్కకు నెట్టి మళ్లీ అంది. "మందియ్యనీకి ఎవలింట్లకన్న పోత. అడగనీకి నా కాళ్లు రావు."

మా తాత కూడా అలాంటి వాకిళ్లలో నిలబడ్డవాడే. మా నాన్న ఆ సంగతి ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఆయన మిషన్ బడిలో మాస్టారు కావడంతో నా వరకు ఆ వాకిళ్లు రాలేదు. ఆ పిల్ల తల నిమిరి వచ్చేశాను గాని, దారి పొడుగునా కోపంతో ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం అయ్యగారి మీదికి వెళ్లింది.

ఆ రోజు నేను ఆయన ముందు కూర్చోలేదు. నిలబడే అన్నాను: "అయ్యగారూ, అడిగితే మర్యాదగా ఇస్తారని తెలిసినవాళ్ల కోసం పెట్టిన నియమం మీది. మీరు నిప్పు అడగడానికి వెళితే ఊరంతా మీ ఇంటికి వచ్చింది. ఈ పిల్ల అడగడానికి వెళితే గిన్నె కింద పెట్టి వెనక్కి జరగమంటారు."

ఆయన రైతు కుటుంబంలో పుట్టినవారు. వాళ్ల నాన్న కాలంలో క్రైస్తవులయ్యారు. ఎప్పుడూ గెలవాలనుకునే ఆ మనిషి ఆ రోజు కుర్చీలోంచి లేచారు. రేడియో కట్టేసి, చాలాసేపు జామచెట్లకు నీళ్లు పోశారు. అంతకుముందే పోసిన చెట్లకు మళ్లీ పోశారు. తర్వాత నా దగ్గరకు వచ్చి, "నేను ఏ వాకిట్లో నిలబడ్డా మంచం వాల్చారమ్మా. అందరికీ వాలుస్తారనుకున్నాను" అన్నారు. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట వల్ల పెరిగింది ఒక ఎత్తు. మర్నాడు తానే నాతో ఆ ఊరికి వచ్చి, ఈ నియమం నీకు తీసేస్తున్నాను, వానలకు ముందే జీపు ఎక్కుదువుగాని అని ఆ అమ్మాయితో చెప్పారు.

ఎవరైనా సంతోషిస్తారు. ఆ పిల్ల సంతోషించలేదు.

"తీసెయ్యకుండ్రి అయ్యగారు," అంది. "నియమం తప్పు గాదు. గా కొండల నేను ఒక్కదాన్నే ఉండాలె. ఆడ గూడ మందు ఇచ్చుకుంటనే ఉంటే నన్ను దవాఖాన అనుకుంటరు, మనిషి అనుకోరు. నేను అడుగుత. గని నా తీరుగ అడుగుత."

నీ తీరంటే ఏమిటని ఆయన అడగలేదు. నేను అడగబోతే కళ్లతోనే ఆపేశారు.

చివరి రోజు పొద్దున్నే మేమిద్దరం ఆ ఊరికి వెళ్లాం. ఎదురింట్లో కవ్వం చప్పుడు వినిపిస్తోంది. అయ్యగారిని చూడగానే ఆ ఇంటామె మామగారు, వీధి అరుగు మీద చుట్ట కాలుస్తున్న పెద్దాయన, మంచం వాల్చమని కేకేశాడు. మంచం వచ్చింది. అయ్యగారు కూర్చోలేదు. మోకాళ్ల నొప్పులతో పది నిమిషాలు నిలబడలేని మనిషి, చేతులు కట్టుకుని ఆ మంచం పక్కనే నిలబడ్డారు. నేనూ కూర్చోలేదు. పెద్దాయనకు ఇది అర్థం కాక, మళ్లీ ఒకసారి చెప్పి ఊరుకున్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి గదిలోంచి స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. వాకిట్లో పనివాళ్లు నిలబడే చోటు ఒకటి ఉంది, అక్కడ మన్ను గట్టిపడి నున్నగా ఉంటుంది. అక్కడ ఆగలేదు. గడప ముందు దాకా వచ్చి నిలబడింది. గిన్నెను రెండు చేతులతో ముందుకు చాచింది.

"పెద్దమ్మా, జర సల్ల కావాలె," అంది.

కవ్వం ఆగింది. "సల్ల పడదంటివి గద బిడ్డా?"

"అబద్ధం చెప్పిన. పైకెంచి పోస్తవని అడగలే. కింద పెట్టి ఎనుకకు జరుగుడు నాతోని గాదు. పోస్తే నా గిన్నె నీ చేతుల వట్టుకొని పొయ్యి. లేకుంటే వట్టి గిన్నెతోని పోత. నీ మీద నాకు కోపం ఏం లేదు."

వీధిలో సల్లకు వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. ఇంటామె మామగారి వైపు చూసింది. ఆయన చుట్ట పక్కన పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు. పొమ్మనలేదు, ఊ అనలేదు. ఆమె కవ్వం తాడు వదిలి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. వాగు, కొండ, ఆ చూలాలు అన్నీ ఆ గిన్నె మీదే ఉన్నాయనిపించింది. ఆమె గడప దాకా వచ్చి, ఆ అమ్మాయి చేతుల్లోంచి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చినప్పుడు గిన్నె అంచుల దాకా ఉంది, పైన వెన్న ముద్ద తేలుతోంది. చేతికి చెయ్యి తగిలేలా ఇచ్చింది. ఇచ్చాక ఆమెకు కోపం వచ్చింది.

"నా కోడలు కాన్పప్పుడు నా ఇంట్ల ఏడిదాక వస్తివి? ఆపిన్నా నిన్ను? గీ ఒక్క మాట అడగనీకి నెల దినాలు పట్టిందా నీకు?"

"నీకు గూడ గిన్నె వట్టుకోనీకి జరసేపు పట్టింది గద పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి మెల్లగా.

"పట్టింది బిడ్డా," అంది ఆ ఇంటామె. అబద్ధం ఆడలేదు, సాకు చెప్పలేదు. ఆ రోజు ఆ అమ్మాయికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో, మామగారి ముందు, వీధంతా చూస్తుండగా, ఆ మాట అనడానికి ఆమెకూ అంతే కావలసి వచ్చి ఉంటుంది. ఇద్దరి మీదా నాకు ఒకేసారి ప్రేమ పుట్టుకొచ్చింది. అమ్మాయి అక్కడే గడప ముందు కూర్చుని గిన్నె ఎత్తి తాగింది. ఏడుస్తోందో తాగుతోందో తెలియకుండా ముఖమంతా గిన్నెలోనే దాచుకుంది.

అయ్యగారు రివాజు ప్రకారం అడగవలసిన మాట అడిగారు. ఈ అమ్మాయిని తీసుకుపోతున్నాం, మీరేమంటారమ్మా అన్నారు.

"తీస్కపోకుండ్రి," అందామె. "నిన్న అడిగితే పొమ్మందును. ఇయ్యాల్నే గద మా పిల్లయ్యింది."

ఆ తర్వాత ఊరంతా మారిపోయిందని రాస్తే మీరు నమ్మకండి. పక్క వీధుల్లో చాలా ఏళ్లు పైనుంచే పోశారని నాకు తెలుసు. ఆ పెద్దాయన కొన్నాళ్లు కోడలితో మాట్లాడలేదని కూడా విన్నాను. మారింది మా అయ్యగారు. నియమం అలాగే ఉంచారు గాని, దాన్ని చెప్పే ముందు ప్రతి పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు చిన్నప్పుడు ఎవరి వాకిట్లో ఎలా నిలబడ్డావో చెప్పమని అడిగేవారు. వాళ్లు చెప్పింది పూర్తిగా వినేవారు. వాదించేవారు కాదు. ఆయన వాదించకుండా కూర్చోవడం చూసి మా వంటామె ఒంట్లో బాగోలేదేమోనని కషాయం కాచి తెచ్చింది.

వానలకు ముందే మా జీపు వాగు దాటింది. ఆ అమ్మాయి సామానంతా కలిపి ఒక మందుల సంచి, ఒక బట్టల మూట, ఆ స్టీలు గిన్నె. మళ్లీ నేను ఆమెను చూడ్డం చలికాలంలో. వాగు ఇంకిపోయాక కొండెక్కి వెళ్లాను. ఎలా ఉందో, ఏం తింటోందో, ఆ ఊళ్లోనైనా నోరు విప్పుతోందో లేదోనని దారంతా బెంగ. అప్పటి జంటలా ఒక్కతే కూర్చుని ఉంటే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

గుడిసె తలుపు తీసే ఉంది. నేను కూర్చున్నానో లేదో ఒకావిడ చంకలో పసిబిడ్డతో, పిలవకుండానే లోపలికి వచ్చింది. ఆ రోజు చెయ్యి పట్టుకుని ఎప్పుడొస్తావని అడిగిన మనిషి ఈమేనట. ఆకు దొన్నెలో ఏదో తెచ్చి పొయ్యి పక్కన పెట్టి, నన్ను చూపిస్తూ తన భాషలో పెద్దగా ఏదో అని పకపకా నవ్వింది. ఏమంటోందని అడిగాను. ఏం లేదు టీచరమ్మా అంటూ మా అమ్మాయి తల వంచుకుంది. నేను వదల్లేదు. నా సంగతి తెలుసు కదా.

"నిన్ను పంపినోళ్లు వీళ్లేనా అంటున్నది," అంది సిగ్గుపడుతూ. "మా ఊళ్లె ఇంతగనం అడుక్కునే మనిషిని యాడ చూడలే అంటున్నది."